జాడీ మెడ మీది ముడి

మా ఆవిడ ఊరగాయ జాడీ మూతికి గుడ్డ కట్టే పద్ధతిని నేనొక సాయంత్రం అటక కింద కూర్చుని నేర్చుకున్నాను. రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి దోపడం. చూడ్డానికి సులువే. అచ్చం ఆమె కట్టినట్టు రావడానికి మాత్రం ఆరుసార్లు విప్పి కట్టాల్సి వచ్చింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె చేతిపని ఒక్కటి కూడా నేను అంత శ్రద్ధగా నేర్చుకోలేదు. ఇది నేర్చుకున్నదైనా ఆమెకు తెలియకుండా ఉండాలని.

అప్పుడు మేం నాచారంలో ఉండేవాళ్లం. ఫ్యాక్టరీల వెనక వీధిలో, బయటినుంచి మెట్లున్న మేడ. కింద ఇంటివాళ్లు, పైన మేము ముగ్గురం: నేను, మా ఆవిడ, బడికెళ్లే మా అమ్మాయి. మాది గోదావరి వైపు. తార్నాక దగ్గర ఒక పరిశోధన సంస్థలో నా ఉద్యోగం. చెప్పుకోవడానికి సైన్సే గాని, నేను చేసేది గాజుసామాను కడగడం, ఆరబెట్టడం, ఆవిరి యంత్రంలో పెట్టి సూక్ష్మజీవి అన్నది మిగలకుండా చేసి శాస్త్రవేత్తల బల్లల మీదికి చేర్చడం. సరిగ్గా కడగని సీసా ఒక్కటి లోపలికి వెళ్తే నెల రోజుల పని బూజుపడుతుందని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది నేనే. అందుకే ఈ కథలో ఎక్కడా తెలియక చేశానని అనడానికి నాకు వీల్లేదు.

ఇంటాయన పుట్టిందీ పెరిగిందీ ఉప్పల్‌లో. ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. నాకన్నా ఆరేళ్లు పెద్ద. దిగిన కొత్తలో నన్ను సార్ అనేవాడు. ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా మా అమ్మాయికి ఒళ్లు కాలిపోయే జ్వరం వస్తే, వానలో ఆటో దొరక్క, పిల్లను భుజాన వేసుకుని దవాఖానాకు నడిచి వెళ్లాడు. నేను చేరుకునేసరికి బల్ల మీద తడి బట్టలతో కూర్చుని ఉన్నాడు. "ఏం ఫికర్ లేదు తమ్మీ, సూది ఏసిన్రు" అన్నాడు. అప్పటినుంచి నేను తమ్మిని, ఆయన అన్న. ఆయన భార్య నాకు వదిన, మా ఆవిడకు అక్క.

వాళ్ల వాకిట్లో ద్రాక్ష పందిరి ఉండేది. అన్న వాళ్ల నాయన ఉప్పల్ పక్క ద్రాక్షతోటల్లో పనిచేసేవాడట. తోటలు ప్లాట్లుగా మారే రోజుల్లో, హద్దురాళ్లు పాతుతుంటే చూసి, ఒక తీగ ముక్క కోసుకొచ్చి ఈ వాకిట్లో గుచ్చాడు. ఇనుప పైపుల మీదుగా అది మేడ దాకా పాకి, ఒక కొమ్మ మా వరండా కటకటాలకు చుట్టుకుంది. పొద్దున పళ్లు తోముకుంటూ చెయ్యి చాపితే ఆకు అందేది.

వైను చేయడం అన్న మల్కాజిగిరి రైల్వే క్వార్టర్లలో ఒక ముసలి ఆంటీ దగ్గర నేర్చుకున్నాడు. ఆమె క్రిస్మస్‌కి చేసేది. ఈయన ద్రాక్ష విరగకాసే మార్చిలో చేసేవాడు. పందిరి కాయ తియ్యన, నీరు ఎక్కువ. రంగు కోసం ఉప్పల్ రోడ్డు మీద బండ్ల దగ్గర నల్ల ద్రాక్ష తెచ్చి కలిపేవాడు. పండ్లు కడిగి, పాత పంచె మీద పరిచి తడి ఆరనిచ్చి, చేత్తో చిదిపి, చక్కెర, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు వేసి జాడీలో పోసి గుడ్డ కట్టేవాడు. ఇరవై ఒక్క రోజులు, రోజూ పొద్దున డ్యూటీకి పోయేముందు చెక్క తెడ్డుతో కలపడం. ఆ మూడు వారాలూ మెట్ల కింది గదిలోంచి పులిసిన పండు వాసన మా మెట్లెక్కి వచ్చేది. జాడీకి చెవి ఆనిస్తే లోపల సన్నటి చిటపట.

"మాట్లాడుతున్నది తమ్మీ, ఇను" అనేవాడు అన్న.

ఆదివారం మధ్యాహ్నం పందిరి కింద రెండు చాపలు పరిచేవాళ్లం. వదిన చింతచిగురు వేసిన మటన్, జొన్నరొట్టెలు. మా ఆవిడ చేపల పులుసు, గోంగూర. మనిషికొక స్టీలు గ్లాసు వైను. అంతకన్నా ఎక్కువ అన్న పోసేవాడు కాదు. "గిది తాగుడు గాదు తమ్మీ. కూరతోని కలిపి తినేటిది" అని ఆయన సిద్ధాంతం. వదిన కూడా ఒక గ్లాసు పుచ్చుకుని, రొట్టె ముక్క ముంచుకుని తినేది. ఆడవాళ్లిద్దరికీ ఒక్క ఆదివారం కూడా వేళాకోళం లేకుండా ముద్ద దిగేది కాదు.

"మీ పులుసుల శాప ఎక్కడున్నది చెల్లె? చింతపండే ఈదుతున్నది."

"మీ పచ్చిపులుసు కన్నా నయమే అక్కా. పొయ్యి వెలిగించడానికి కూడా బద్ధకించి కనిపెట్టిన కూర అది."

అన్న పడిపడి నవ్వేవాడు. నవ్వితే గ్లాసు చాప మీద పెట్టి నవ్వేవాడు, వైను ఒలకకుండా.

మా ఆవిడ ముట్టుకునేది కాదు. తాగుడుతో పోయిన తండ్రిని చూసిన మనిషి. నేను తాగడాన్ని కాదనలేదు గాని ఒక్క షరతు పెట్టింది: "ఆ గ్లాసు కిందే ఉండాలి. అది నా వంటింటి మెట్టు ఎక్కకూడదు. నా గిన్నెల్లోకి రాకూడదు." ఆ ఇంట్లో ఏడేళ్లలో ఆమె నన్ను కోరింది అదొక్కటే అని ఇప్పుడు లెక్కేస్తే తెలుస్తోంది. నేను ఒప్పుకున్నాను. వదిన కూడా ఆ మాట విని, నా గ్లాసు ఏనాడూ మా గిన్నెలతో కలవనివ్వలేదు, వేరే గూట్లో పెట్టేది.

ఇక జాడీ సంగతి. పైసగం గోధుమరంగు, కిందిసగం తెలుపు, మోకాలెత్తు పింగాణీ జాడీ. పెళ్లయిన ఏడాది వాళ్లమ్మ రాజమండ్రి నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మా ఆవిడ ఆవకాయ అందులోనే పెట్టేది. ఏడాది తిరిగి కొత్త కాయ వచ్చేదాకా ముక్క గట్టిగా ఉండేది. మా ఆఫీసులో సగం మంది టిఫిన్ డబ్బాలు దానికోసం నా బల్ల దగ్గరికి వచ్చేవి. కింద వదినకు మొదటి గిన్నె. ఆ గిన్నె వెళ్లాకే మేం తినేవాళ్లం.

ఆ ఏడు, ఊళ్లో ఎక్కడ చూసినా రాష్ట్రం మాటే. బంద్‌లు, ర్యాలీలు. అన్న కూడా ఫ్యాక్టరీవాళ్లతో కలిసి వెళ్లొచ్చేవాడు. ఆదివారం చాప మీద మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని అనుకోలేదు కూడా, అవసరం పడలేదంతే.

మార్చిలో మా ఆవిడ చెల్లెలి పురిటికి వెళ్లింది, అమ్మాయిని వెంటబెట్టుకుని. నెల పైన పడుతుంది, తిరిగొచ్చేసరికి మామిడికాయ దిగుతుంది. అందుకని ముందే జాడీ కడిగి, మూడు రోజులు మేడ మీద ఎండబెట్టి, ఉతికిన గుడ్డ కట్టి అటకెక్కించింది. "దీన్ని కదపకండి. వచ్చాక ఎండ ఉంటుందో ఉండదో" అని చెప్పింది.

ఆమె వెళ్లిన వారానికే అన్న జాడీ పగిలింది. ద్రాక్ష చిదిపి సిద్ధంగా ఉంది, జాడీ జరుపుతుంటే గడపకు తగిలి అడ్డంగా చీలింది. ఏళ్ల తరబడి వైను పీల్చిన పెంకు అది. లోపలి నెర్రెల్లో ఊదారంగు గీతలు సన్నటి వేళ్లలా పాకి ఉన్నాయి. వదిన కింది ముక్కలో మట్టి పోసి పుదీన నాటుకుంది. అన్న మాత్రం గిన్నెల్లో చిదిపిన ద్రాక్ష ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు.

"స్టీలుల పోస్తె ఖరాబైతది. ప్లాస్టిక్‌ల వాసనొస్తది. ఈ సాలు వైను లేనట్టే తమ్మీ."

"మా జాడీ ఉంది కదన్నా" అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. "ఆవకాయ జాడీయా? చెల్లె ఏమంటదో."

"ఫోన్ చేసి అడిగాను. సరేనంది."

ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన అడగను కూడా లేదు. ఒక మంచి మనిషి దిగులు తీర్చి మెప్పు పొందాలనిపించింది. ఆ మెప్పు ఆమె సొమ్ముతో కొన్నాను.

వదిన మాత్రం ఒకసారి ఆగి, "నిజంగ సరే అన్నదా? వంటింట్లకే రానియ్యదు గదా" అంది. "మనసులో కాస్త గింజుకుంటోంది వదినా. వచ్చాక ఆ ఊసెత్తకండి, నొచ్చుకుంటుంది" అన్నాను. రెండో అబద్ధం మొదటిదాని కన్నా తేలికగా వచ్చింది.

ఆ ఏటి వైను ఎప్పటికన్నా బాగా కుదిరింది. ఒక ఆదివారం ముగ్గురం పందిరి కింద కూర్చున్నాం. కొత్త వైను కొంచెం వగరు, వెనకాల లవంగం. వదిన తలకాయ కూర వండింది. ఆ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. ఇంత రాసినా, అది బాగోలేదని రాయలేను.

జాడీ తీరిగ్గా కడిగి ఎండబెడదామనుకున్నాను. ఈలోగా ఫోను వచ్చింది: టికెట్లు ముందుకు జరిగాయి, రేపు పొద్దునే దిగుతున్నాం. నాలుగైదు రోజుల ముందే పైకి తెచ్చి పెట్టిన జాడీని ఆ సాయంత్రం రెండుసార్లు సబ్బుతో కడిగాను. లోపల చెయ్యి పెట్టి తడిమితే అడుగున వెంట్రుకవాసి నెర్రెలు తగిలాయి. ల్యాబులో అలాంటి పాత్ర కనిపిస్తే పక్కన పడేస్తాను. దీన్ని తువ్వాలుతో తుడిచి, గుడ్డ కట్టాను. ముడి నేర్చుకున్నది అప్పుడే. తడి ఆరకుండానే అటక మీద పెట్టేశాను. నాలుగు రోజులు ఎండబెట్టానని మర్నాడు వదినకు చెప్పాను.

ఆమె వచ్చిన వారంలో కాయ దిగింది. ఆకాశం మబ్బుపట్టి, ఎండ లేదు. "ముందే ఎండబెట్టి కట్టుకుని వెళ్లడం మంచిదైంది" అంది మా ఆవిడ. జాడీ దించి, ముడి వేలితో తడిమి చూసుకుని విప్పింది. నేను పేపరు వెనకాల ఉన్నాను. ఇప్పుడైనా చెప్పొచ్చు, అనుకున్నాను. చెబితే రభస, కాయ కొట్టి ముక్కలు తుడుస్తున్నారు, ఆవపిండి సిద్ధంగా ఉంది. ఏమీ కాదులే, ఉప్పూ నూనే అంత ఉంటే ఏ పురుగూ బతకదు అని నా సైన్సు నాకే చెప్పుకున్నాను.

వదిన పైకొచ్చి కూర్చుని ప్రతి ముక్కనూ పొడిగుడ్డతో తుడిచి, జీడి తీసి ఇచ్చింది. మూడో రోజు జాడీ తిరగ కలపాలి. ఆ రోజుకు మా ఆవిడకు నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఊరగాయ ముట్టకూడదని వాళ్లింటి పట్టింపు. ఆమె అది ఏనాడూ తప్పలేదు. గడప ఇవతల నిలబడి, "అక్కా, నువ్వు కలిపిపెడతావా?" అని పిలిచింది. తన జాడీలో ఇంకొకరి చేత తెడ్డు పెట్టించడం నేను చూడటం అదే మొదలు. వదినకు అదెంత గౌరవమో ఆమె ముఖమే చెప్పింది. మోచేతుల దాకా కడుక్కుని, పొయ్యి దగ్గర చేతులు ఆరబెట్టుకుని మరీ కలిపింది.

పది రోజులకు మూత తీస్తే నూనె మీద తెల్లటి నురగ. బుడగలు లేచి పగులుతున్నాయి. మా ఆవిడ కొయ్యబారిపోయి నిలబడితే నేను వంగి చెవి పెట్టాను. జాడీ చిటపటలాడుతోంది. మెట్ల కింద నేను విన్న మాటే అది. అనుమానం కాదు, ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది.

ఆవకాయ పాడవడం మా వైపు కూర పాడవడం లాంటిది కాదు. ఆ ఏడాది ఇంటికి ఏదో కీడని భయం. పెట్టిన చేతికి మచ్చ. మా ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. వాళ్లమ్మకు ఫోన్ చేసింది. అవతలినుంచి వచ్చిన మొదటి ప్రశ్న నాకూ వినపడింది: "ఎవరి చేత కలిపించావే?"

మధ్యాహ్నం ఆమె కిందికి దిగింది. నేను వెనకాలే దిగాను. ఆపడానికి దిగానని చెప్పుకుంటే బాగుంటుంది. ఏమవుతుందో అన్న భయంతో దిగాను. అన్న పందిరికి ఎండుకొమ్మలు కత్తిరిస్తున్నాడు. వదిన పుదీనకు నీళ్లు పోస్తోంది.

"అక్కా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆవకాయ కలిపిన రోజు నువ్వు... నీకు కూడా ఆ రోజులా?"

వదిన చెంబు కింద పెట్టింది. "గిదేంది చెల్లె? గట్లుంటే నీ గడప తొక్కుతనా?"

"మరి చెయ్యి తడిగానైనా ఉందేమో. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఇలా కాలేదు. మా వైపు దీనికి బోలెడు పట్టింపులు ఉంటాయి. మీకు అలవాటుండదు కదా. తప్పు నాదే, అడగకుండా ఉండాల్సింది."

"మీ దిక్కు, మా దిక్కు అంటున్నవా?" వదిన గొంతు చిన్నదైంది. "ఏడేండ్ల సంది గీ మాట లేదు గదనే మన నడుమ. గా జాడీల..."

అక్కడ ఆగిపోయింది. నావైపు చూసింది. మా ఆవిడకు ఏమీ తెలియదని ఆమెకు అప్పుడే అర్థమైంది. అన్న కత్తెర కూడా ఆగింది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నేను నోరు తెరవడానికి వాళ్లిద్దరూ చోటిచ్చారు. ఆ చోటు ఎంతసేపు ఉందో తెలియదు. నాకు చాలినంతసేపు ఉంది.

"పోనీలెండి" అన్నాను. "ఒక ఊరగాయకి ఇంత గొడవెందుకు?"

వదిన తల దించుకుంది. చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అన్న కత్తిరించిన కొమ్మలు ఏరుకున్నాడు, ఒక్కొక్కటిగా. చివరి కొమ్మ ఏరాక, "పైకి పోండి సార్" అన్నాడు.

ఆ సార్ మళ్లీ మారలేదు. ఆదివారం చాపలు లేవు. మా ఆవిడకు వదిన ఎదురుపడితే మేడమ్ అనేది. పాడైన ఆవకాయ నేనే పారబోసి, జాడీ నేనే కడిగి, అటక మీద వెనక్కి తోసేశాను. మా ఆవిడ దానివైపు చూడటానికి కూడా ఇష్టపడలేదు, నాకదే కావాలి. ఒకనాడు ఆఫీసునుంచి వచ్చేసరికి మా వరండా కటకటాలకు చుట్టుకున్న ద్రాక్షకొమ్మ లేదు. తెగిన చోట పచ్చిగా ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది. ఆ కొమ్మ చూసి నాకు కోపం వచ్చింది. మోసపోయానని అనిపించింది. తమ్మీ అన్న మనిషి ఒక్క రోజులో సార్ అంటాడా? భుజాన మోసిన పిల్లను పలకరించడం మానేస్తాడా? నిజానికి ఆయన మానలేదు, మా అమ్మాయికి గేటు దగ్గర ద్రాక్షపండ్లు చేతిలో పెట్టడం నేనే చూశాను. చూసి కూడా ఆఫీసులో టీ దగ్గర, "మా ఇంటి ఓనరు ఉద్యమం మొదలయ్యాక మారిపోయాడండీ" అన్నాను. మా వైపువాళ్లు తలలూపారు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఊరు ఊరంతా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్న రోజులవి. నా తప్పు దాచుకోవడానికి అంతకన్నా పెద్ద గొడుగు దొరకదు. ఆ మాట ఎన్నోసార్లు అన్నాను. అనగా అనగా నమ్మాను.

ఏడాది తిరక్కుండా ఉప్పల్‌లో ఒక ఫ్లాటుకు మారిపోయాం. సామాను దింపుతుంటే అన్న వచ్చి ఫ్రిజ్‌కు ఒక చెయ్యి వేశాడు. లారీ కదిలేటప్పుడు, "మంచిగుండండ్రి సార్" అన్నాడు. వదిన బయటికి రాలేదు. అంత దగ్గర్లో ఉండి కూడా మూడేళ్లు ఆ వీధిలోకి వెళ్లలేదు. మా ఆవిడ చిన్న గాజుసీసాలో ఏదో పెట్టాననిపించేది. మొదటి గిన్నె పంపడానికి ఎవరూ లేరు. ఆ అపార్ట్‌మెంటులో ఎవరితోనూ ఆమె అక్కా అనేంత దగ్గర కాలేదు.

కొత్త రాష్ట్రం వస్తుందని తేలిపోయిన ఆ వేసవిలో, ఒక పొద్దున మా ఆవిడ జాడీ దించమంది. ఎందుకని అడిగితే, "ఎన్నాళ్లు భయపడతాను? ఈసారి అన్నీ నా చేత్తోనే చేసుకుంటాను" అంది. కుంకుడురసంతో తోమి, మరుగుతున్న నీళ్లు పోసి, బాల్కనీలో ఎండలో పెట్టి లోపలికి చూసింది. చాలాసేపు అలాగే వంగి ఉంది.

"ఇలా రండి."

వెళ్లాను. ఎండ సూటిగా జాడీ అడుగున పడుతోంది. నెర్రెల వెంట ఊదారంగు గీతలు, సన్నటి వేళ్లలా. వదిన పుదీన నాటుకున్న వైను జాడీ పెంకు మీద ఇలాంటి గీతల్నే ఆమె ఇల్లు మారేదాకా రోజూ చూసింది.

"ఇందులో ఏం పోశారు?"

చెప్పాను. నిలబడే మొత్తం చెప్పాను, ముడి నేర్చుకున్న సంగతితో సహా. ఆమె ఏడవలేదు, అరవలేదు. నీళ్లోడుతున్న జాడీ అంచు పట్టుకుని ఒకటే అడిగింది.

"నేను అక్కను ఆ మాట అడిగినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"పక్కనే ఉన్నారుగా."

"ఉన్నాను."

"ఆ ముడి వేలితో తడుముకుని మరీ విప్పానండీ" అంది. చీర మార్చుకుని వచ్చి, జాడీని దుప్పట్లో చుట్టి, "ఆటో పిలవండి" అంది. దారంతా జాడీ ఒళ్లో పెట్టుకుంది, వాళ్లమ్మ రైల్లో తెచ్చినట్టు.

ఆదివారం కావడంతో అన్న ఇంట్లోనే ఉన్నాడు. పందిరి ఇంకా గుబురుగా ఉంది. వదిన గేటు తీసి మా ఇద్దరినీ, దుప్పటి మూటనూ చూసింది. మా ఆవిడ జాడీ గట్టు మీద పెట్టి, చేతులు జోడించబోతే వదిన ఆ చేతులు పట్టుకుని దించేసింది.

"అక్కా, నాకు ఇవాళే తెలిసింది."

"మాకు గప్పుడే ఎర్క చెల్లె."

"మరి చెప్పలేదేం అక్కా? నేనంత మాట అంటే పడ్డావేం?"

వదిన నావైపు చూడకుండా చెప్పింది. "నీ మొగుడు జెప్తడని సూసిన. ఆ పొద్దు జెప్పలె. తెల్లారి జెప్తడనుకున్న. నువ్వు ఇల్లు ఖాళీ జేసి పొయ్యేదాక సూసిన. నేను నోరు తెరిస్తె నువ్వు ఆయన మీద నమ్మకం ఇడుస్తవు. కాపురం నీది. నా మీద ఇడిస్తె ఇడిసినవ్ గని, ఏమాయె."

మా ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఆ మధ్యాహ్నం నుంచి ఈ ఆదివారం దాకా దాచుకున్నదంతా ఏడ్చింది. నేను ముందుకొచ్చి, తప్పంతా నాదే వదినా, క్షమించండి అన్నాను. ఇన్నేళ్లు ఆలస్యంగా ఎవరైనా అనగలిగే మాటే అది. వదిన తల ఊపింది. అన్న మాత్రం పందిరి గుంజకు ఆనుకుని నిలబడి నన్ను చూశాడు.

"చెల్లె ఒప్పుకున్నది అన్నవు సార్. నీ నోటి మాట మీద జాడీ తీసుకున్న. నా ఇంట్ల నా పెండ్లాన్ని దొంగను జేస్తిరి. ఆంధ్రోడివని గాదు నేను నిన్ను ఇడిసింది. గిది ఎర్కుండాలె నీకు."

ఎర్కే అన్నా, అనాలనుకున్నాను. మరి ఆఫీసులో టీ దగ్గర నేను చెప్పిన మాటల సంగతేమిటి?

వదిన అన్నం వడ్డించింది. చాప ఒకటే. పచ్చిపులుసు, తునకల కూర. మా ఆవిడ ఎర్రబడ్డ కళ్లతోనే, "ఇంకా పొయ్యి వెలిగించడం నేర్చుకోలేదా అక్కా?" అంది. వదిన నవ్వబోయి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "నువ్వు లేక ఎవలు నేర్పుతరే" అంది.

అన్న లోపలినుంచి సీసా, స్టీలు గ్లాసులు తెచ్చాడు. రెండు గ్లాసుల్లో వైను పోసి, మూడో గ్లాసు దగ్గర ఆగాడు. మా ఆవిడ చెయ్యి చాపింది.

"నాకు పొయ్యండి బావగారూ. నా జాడీలో పోసిందేంటో నేనూ చూడాలిగా."

ఒక గుక్క తాగింది. ముఖం ముడిచి, మళ్లీ ఇంకొక గుక్క తాగింది. "బాగానే ఉంది" అంది, ఆయనతో. తర్వాత గట్టు మీది జాడీ వైపు చూసి, "అందులో ఇక ఆవకాయ నిలవదు. పై ఏడు ద్రాక్షకి మీరే ఉంచుకోండి" అంది.

అన్న గ్లాసు దించి, "మీ అమ్మ ఇచ్చింది గదమ్మా" అన్నాడు.

"ఇస్తున్నది నేను" అంది. అప్పుడు మొదటిసారి నావైపు తిరిగింది. "అడిగితే కాదనేదాన్నండీ. రెండోసారి అడిగితే ఇచ్చేదాన్ని."

నా ముందు నాలుగో గ్లాసు ఉంది. అన్న కూజా వంచి అందులో నీళ్లు పోశాడు. నేను తీసుకుని తాగాను.

ఇప్పుడు ఆదివారాలు ఆమె వెళ్తుంది. మామిడికాయ కాలంలో ఇద్దరూ అక్కడే పందిరి కింద కూర్చుని కాయ కొడతారు, గాజుజాడీల్లో పెడతారు. మూడో రోజు కలిపేది వదినే, ఏ పట్టింపూ లేకుండా. మెట్ల కింద ఆ పాత జాడీ మార్చిలో మాట్లాడుతూ ఉంటుందట. నన్ను రమ్మన్న రోజు నేనూ వెళ్తాను. అన్న మర్యాదగా లేచి, రండి సార్ అంటాడు. ముగ్గురి గ్లాసుల్లో వైను పోస్తాడు, నా గ్లాసులో నీళ్లు పోస్తాడు. కూర ఎప్పటిలాగే బాగుంటుంది. తిని వస్తాను.